బొమ్మల గదిలో కళ్లు తిరిగితే

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చారు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. దక్షిణాదిన ఊరూరా ఉపన్యాసాలిచ్చి బాగా అలసిపోయారు. కొన్నాళ్లు సేదదీరడానికి ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో దిగారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కవి, కళావిమర్శకుడు కూడా. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఊరు, పొడిగాలి, చల్లని రాత్రులు. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో క్షయరోగుల ఆసుపత్రి వెలసింది కూడా ఈ గాలిని నమ్ముకునే. ఆ విశ్రాంతి రోజుల్లోనే, ఫిబ్రవరి 28న, ఠాగూర్ 'జనగణమన'కు ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాసిచ్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీని స్వరలిపిలో పెట్టారు. ఇంతవరకూ మదనపల్లెలో బడిపిల్లలైనా చెబుతారు.

అయిదేళ్ల తర్వాత జరిగింది మనవైపు అంతగా తెలియదు. 1924 చివర్లో ఆయన పెరూ దేశం పోవడానికి ఓడెక్కారు. దారిలో ఇన్‌ఫ్లుయెంజా పట్టుకుంది. బ్యూనస్ ఎయిరెస్‌లో దిగేసరికి మనిషి నీరసించిపోయి ఉన్నారు. ముందుకు పోవద్దని డాక్టర్లు కట్టడి చేశారు. అక్కడి రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఊరి వెలుపల నది ఒడ్డున ఒక ఇల్లు ఏర్పాటు చేసి, వారాల తరబడి ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ రోజుల్లో ఆయన 'పూరబి' కవితలు రాస్తూ, కొట్టేసిన పంక్తులన్నీ కలిపి వింత పక్షులుగా, జంతువులుగా, ముఖాలుగా గీసేవారు. ఒకాంపో కన్ను ఆ గీతల మీద పడింది. 1930 మేలో పారిస్‌లోని గాలరీ పిగాల్‌లో ఠాగూర్ చిత్రాల తొలి ప్రదర్శన నిలబెట్టింది ఆమే. భారతీయ ఆధునిక చిత్రకళ గురించి ఎవరు రాసినా ఈ ప్రదర్శన ప్రస్తావన రాక తప్పదు. ఠాగూర్ కంటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలిసేది కాదని, ఆయన రంగుల ఎంపికలో అది కనిపిస్తుందని 1987లో ఇద్దరు పరిశోధకులు ఒక సౌందర్యశాస్త్ర పత్రికలో వాదించారు. కళ ఎంత గొప్పదైనా అది ఒక శరీరం గుండానే బయటికొస్తుంది, మరొక శరీరం గుండానే లోపలికి పోతుంది. ఈ అధ్యాయంలో ఆ రెండో శరీరం గురించి మాట్లాడుకుందాం. అంటే చూసేవాడి శరీరం, అందులోనూ దూరదేశం పోయి అలసిన శరీరం.

ఇవాళ మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్ల నుంచి విదేశాలకు పోయేవాళ్లలో అమ్మానాన్నలూ చాలామంది ఉన్నారు. కొడుకో కూతురో డాలస్‌లోనో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనో, లండన్‌లోనో ఉంటారు. వీళ్లు పోయి కొన్ని నెలలుండి వస్తారు. వచ్చిన మొదటి శనివారమే పిల్లలు ఉత్సాహంగా ఊరు చూపించడానికి బయల్దేరదీస్తారు. ఆ జాబితాలో ఆధునిక కళల మ్యూజియం ఒకటి తప్పకుండా ఉంటుంది. పుంగనూరు నుంచి పోయిన అరవై రెండేళ్ల తల్లిని ఒకామెను ఊహించండి. మొదటి గది బాగానే గడుస్తుంది. రెండో గదిలో ఒళ్లు తేలిపోతున్నట్టు, చెవుల్లో హోరుగా, కడుపులో తిప్పుతున్నట్టు అనిపిస్తుంది. "కండ్లు తిరగతా ఉండాయిరా నాయనా" అని బెంచీ మీద కూలబడుతుంది. కాసేపటికి తేరుకుని, "ఇట్టాంటివి మనకు పడవులే" అంటుంది. అమ్మకు మాడర్న్ ఆర్ట్ ఎక్కలేదని కొడుకు అనుకుంటాడు. ఇద్దరూ తప్పు కారణం పట్టుకుని ఇంటికొస్తారు. ఆమె మళ్లీ ఆ గడప తొక్కదు. నాకు బాధ కలిగించేది ఈ చివరి సంగతి.

ఆమెకు ఏమైందో మొదటినుంచీ చూద్దాం.

బొమ్మల గది కంటే చాలా ముందే కథ మొదలైంది. కుప్పం వాళ్లకు రైలుంది. బంగారుపేట మీదుగా బెంగళూరు చేరి, అక్కణ్నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి పోవాలి. మదనపల్లె వాళ్లు కారు మాట్లాడుకుని చింతామణి దారిన పోతారు. దూరదేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక లేస్తాయి. మూడు గంటల ముందే చేరాలి కాబట్టి సాయంత్రమే ఇల్లు వదలాలి. అంతకు ముందురోజంతా చుట్టాలు, పచ్చళ్ల డబ్బాలు, పెట్టె తూకం, తీసి మళ్లీ సర్దడం. విమానం నేల వదిలేసరికే రెండు రాత్రుల నిద్ర బాకీ ఉంటుంది.

లోపల గాలి పీడనం నేలమీద ఉన్నట్టు ఉండదు. విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి పీడనాన్ని 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద ఉండే స్థాయికి సర్దుతారు. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు. దానికి ఒకటిన్నర, రెండు రెట్ల ఎత్తున పద్నాలుగు, పదిహేను గంటలు కూర్చున్నట్టన్నమాట. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది, పెద్దగా తెలియదు. గాలిలో తేమ 20 శాతం లోపే కాబట్టి కళ్లు, గొంతు ఆరిపోతాయి. అయితే ఒంట్లో నీరు తగ్గడానికి పొడిగాలి ఒక్కటే కారణం కాదు, తాగకపోవడం అంతకన్నా పెద్ద కారణం. మధ్య సీటులో కూర్చున్న పెద్దామె, పక్కవాళ్లను లేపి బాత్రూముకు పోవడానికి మొహమాటపడి, నీళ్లే మానేస్తుంది. దిగేసరికి ఒంట్లో నీరు తగ్గి, పాదాలు ఉబ్బి ఉంటాయి.

తర్వాత గడియారం సంగతి. మన మెదడులో, కంటి నరాలు రెండూ కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20,000 కణాల గుంపు ఒకటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, రక్తపోటు, హార్మోన్లు అన్నిటికీ వేళలు నిర్ణయించేది అదే. ప్రతి కణంలోనూ కొన్ని జన్యువులు వంతులవారీగా పనిచేస్తూ ఆగుతూ దాదాపు 24 గంటల చక్రాన్ని నడుపుతాయి. ఆ యంత్రాంగాన్ని విప్పి చూపినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారాన్ని చేతిగడియారంలా ముల్లు తిప్పి సరిచేయలేం. రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే అది కొత్త ఊరి వేళకు జరుగుతుంది.

వేసవిలో టెక్సస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అక్కడి ఫోర్ట్‌వర్త్ ఆధునిక కళల మ్యూజియానికి మధ్యాహ్నం 3 గంటలకు పోతే, పుంగనూరు తల్లి ఒంటికి అది రాత్రి ఒంటిగంటన్నర. నాలుగున్నరయ్యేసరికి తెల్లవారుజామున 3. రోజూ అయిదింటికి లేచే మనిషికి ఒంటివేడి అడుగంటేది దాదాపు ఆ వేళలోనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో తేడా పన్నెండున్నర గంటలు. మధ్యాహ్నం భోంచేసి 2 గంటలకు మ్యూజియంలో అడుగుపెడితే ఒంటి లెక్కలో రాత్రి రెండున్నర. నిద్రలోంచి లేపి, చీర కట్టించి, బొమ్మలు చూడమని నిలబెడితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది ఆమెకు. వికారం, చిరాకు, తలలో మబ్బు, కాళ్లలో బలం లేకపోవడం అన్నీ జెట్‌లాగ్ లక్షణాలే. గల్ఫ్‌కు పోయినవాళ్లకు ఈ బాధ దాదాపు ఉండదు. కువైట్‌కు మనకు రెండున్నర గంటలే తేడా. లండన్‌కు వేసవిలో నాలుగున్నర గంటలు, అది మధ్యస్థం.

ఒంటి గడియారాన్ని సరిచేసే ముఖ్యమైన మందు వెలుతురు. కంటి వెనక పొరలో బొమ్మ చూడటానికి పనికొచ్చే కణాలు కాక, పగలా రాత్రా అని గడియారానికి చెప్పే కణాలు వేరే ఉన్నాయి. అవి ముఖ్యంగా నీలి వెలుగుకు స్పందిస్తాయి. బయట ఎండలో వెలుతురు 50,000 నుంచి లక్ష లక్స్ దాకా ఉంటుంది. మ్యూజియంలో కాగితం మీది బొమ్మలకు, బట్టలకు పడనిచ్చే వెలుతురు సాధారణంగా 50 లక్స్. నూనెరంగుల చిత్రాలకు అంతకు మూడు, నాలుగు రెట్లు. వెలుతురు ఎక్కువైతే రంగులు వెలిసిపోతాయి కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు. కానీ కొత్త దేశంలో మొదటి పగళ్లు ఆ మసక గదుల్లో గడిపితే, గడియారానికి అందాల్సిన మందు అందదు. వచ్చిన మూడు నాలుగు రోజులూ పార్కులో, వీధుల్లో నడిపించి, మ్యూజియాన్ని తర్వాతికి పెట్టుకోమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక నిలబడటం. మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, కడుపులోకి జారుతుంది. మెడలోని, గుండె పైనున్న రక్తనాళాల గోడల్లో పీడనాన్ని కనిపెట్టే నరాలున్నాయి. అవి వెంటనే గుండె వేగం పెంచి, రక్తనాళాలను బిగించి, మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. కాళ్లలోని రక్తాన్ని పైకి తోసే పని పిక్కలది. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసినప్పుడల్లా సిర నొక్కుకుని రక్తం పైకి పోతుంది, సిరలోని కవాటాలు దాన్ని మళ్లీ కిందికి రానీయవు. ఊరి బోరింగు పంపు చెయ్యి ఆడించినంతసేపూ నీళ్లొస్తాయి, ఆపితే ఆగిపోతాయి. పిక్కలూ అంతే.

మ్యూజియంలో మనం నిజంగా నడవం. నాలుగు అడుగులు వేసి ఆగుతాం, ఒక బొమ్మ ముందు అరనిమిషం కదలకుండా ఉంటాం, మళ్లీ నాలుగు అడుగులు. పొలం గట్ల మీద నాలుగు మైళ్లు అలవోకగా నడిచే మనిషి కూడా ఈ నడకకు అలసిపోతాడు. ఎందుకంటే పంపు సగం సమయం ఆగే ఉంటుంది. నేల రాయో, సిమెంటో కాబట్టి మడమలకు ఆనింపు ఉండదు. దీనికి తోడు ఒంట్లో నీరు తక్కువ, పైగా బీపీ మాత్రలు. రక్తపోటు తగ్గించే కొన్ని మందులు, ఎక్కువ మూత్రం పోయించే మాత్రలు, మగవాళ్లు ప్రొస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలు నిలబడ్డప్పుడు బీపీని మరింత పడేస్తాయి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో పీడనాన్ని కాచే నరాలే మొద్దుబారి ఉండవచ్చు. నిలబడ్డ మూడు నిమిషాల్లో పై బీపీ 20గానీ కింది బీపీ 10గానీ పడిపోతే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మన ఆసుపత్రుల్లో బీపీని దాదాపు ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తారు. ప్రయాణానికి ముందు, మదనపల్లెలోనైనా కుప్పంలోనైనా మీరు చూపించుకునే డాక్టరును, పడుకుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ చూడమని అడగండి. అయిదు నిమిషాల పని. ఎన్నో పడిపోవడాలను అది ముందే చెబుతుంది.

మ్యూజియం అలసటను శాస్త్రంగా పట్టించుకున్న మొదటివాళ్లలో బోస్టన్ లలితకళల మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ ఒకడు. 1916లో ఆయన ఒక మనిషిని అద్దాల బీరువాల ముందు రకరకాలుగా వంచి, గొంతుక్కూర్చోబెట్టి, మెడ చాపించి ఫొటోలు తీయించాడు. వస్తువులను పెట్టే తీరే చూసేవాణ్ని విరగ్గొడుతోందని ఆ ఫొటోలతో చూపించాడు. తర్వాత 1928లో ఎడ్వర్డ్ రాబిన్సన్ సందర్శకుల నడతను గడియారం పెట్టి కొలిచాడు. కుర్చీలో కూర్చుని బొమ్మల నకళ్లు ఒకటొకటిగా చూసినవాళ్లలో కూడా ఆసక్తి క్రమంగా పడిపోవడం గమనించాడు. అంటే అలసట కాళ్లది మాత్రమే కాదు. చూపుకూ ఒక కడుపుంది, అది నిండుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చేసిన, 2001లో వెలువడిన ఒక పరిశీలనలో జనం ఒక్కో కళాఖండం ముందు నిలిచిన సగటు సమయం 27 సెకన్లు. సగంమంది 17 సెకన్లు కూడా నిలవలేదు. రోజంతా తిరిగి ఇన్నూరు బొమ్మలు 'చూసినవాళ్లు' చూసింది చాలా తక్కువని నా గట్టి అభిప్రాయం.

నెమ్మదిగా చూడాల్సిన బొమ్మ ఒకటి చెబుతాను, అదీ మనవైపు మనిషిది. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన 'అటెలియే 17' అనే ముద్రణశాలలో పనిచేశారు. తర్వాత దానికి సహ నిర్వాహకుడయ్యారు. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతి అచ్చంగా భౌతికశాస్త్రమే. మామూలుగా రంగుల అచ్చుకు ఒక్కో రంగుకు ఒక్కో పలక కావాలి. వీళ్లు ఒకే లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, సిరాల చిక్కదనాన్ని నూనెతో మార్చారు. గట్టి రోలరు పలక పై అంచులను మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలరు లోతుల్లోకి కూడా దిగుతుంది. పలచటి నూనె సిరా ముందు అంటిన చోట, తర్వాత వచ్చే చిక్కటి సిరా అంటుకోకుండా పక్కకు తప్పుకుంటుంది. ఒక్కసారి ప్రెస్సులో పెట్టి తీస్తే అన్ని రంగులూ ఒకేసారి కాగితం మీదికొస్తాయి. 1963 నాటి ఆయన 'వర్ల్‌పూల్' అచ్చులో నీటి సుడి కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే ఆ సుడి చెక్కిన గాట్లతో అల్లిన వలలా ఉంటుంది, గాటు గాటుకూ రంగు మారుతూ పోతుంది. 2016లో మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల అచ్చులతో ఒక ప్రదర్శన పెట్టింది. ఆయన 2018లో న్యూయార్క్‌లో చనిపోయారు. ఇది కాగితం మీది పని కాబట్టి మసక వెలుతురులోనే ఉంటుంది, వంగి దగ్గరగా చూడాలి. నీరసంగా ఉన్నవాళ్లకు కష్టమైన బొమ్మే. కానీ "ఇట్టాంటివి మనకు పడవు" అనుకున్న తల్లికి, ఇది మన చిత్తూరోళ్లు చేసిందని తెలిస్తే ఆమె ఆ గదిలోకి మళ్లీ ఒకసారి పోదా?

కొన్ని బొమ్మలు మాత్రం నిజంగానే కళ్లు తిప్పుతాయి. అది చూసేవాళ్ల లోపం కాదు. 1965లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం 'ది రెస్పాన్సివ్ ఐ' అనే ప్రదర్శన పెట్టింది. దాని పుస్తకం అట్ట మీద బ్రిజిట్ రైలీ గీసిన 'కరెంట్' ఉంది. తెలుపు మీద నల్లటి వంపు గీతలు, అంతే. కానీ కాసేపు చూస్తే అవి అలల్లా కదులుతాయి, లేని రంగులు మెరుస్తాయి. ఒకచోట చూపు నిలిపినా మన కళ్లు పూర్తిగా నిలవవు, సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకుకు గీత అంచులు నల్ల నుంచి తెల్లకు, తెల్ల నుంచి నల్లకు ఎగురుతూ, చూపు కేంద్రంలోని కణాలను గుంపుగా రేపుతాయి. ఏ గీతలు ఎక్కువ ఇబ్బంది పెడతాయో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన తోటివారు కొలిచి చూపారు. మీరూ చూడవచ్చు. చెయ్యి పూర్తిగా చాచి చిటికెన వేలు నిలబెట్టండి. ఆ వేలి వెడల్పు మీ కంటికి దాదాపు ఒక డిగ్రీ. అంత వెడల్పులో సుమారు మూడు జతల నలుపు తెలుపు గీతలు పట్టి, అవి గోడంతా పరుచుకుని ఉంటే, అదే చెడ్డ కొలత. మైగ్రేన్ ఉన్నవాళ్లకు తలనొప్పి మొదలవుతుంది. వెలుతురుకు మూర్ఛ వచ్చే తత్వం ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో రోజంతా పట్టు పడుగు వైపే చూసే నేతగాళ్లకు ఈ బాధ రాకపోవడానికి కారణం, ఆ పోగులు ఈ కొలత కన్నా ఎన్నో రెట్లు సన్నం. రైలీ బొమ్మ ముందు ఇబ్బందిగా ఉంటే ఒక కన్ను చేత్తో మూసుకోండి, లేదా రెండు మూడు అడుగులు ముందుకో వెనక్కో జరగండి. గీతల కొలత మారగానే తేడా తెలుస్తుంది.

ఇక నేల, గోడల సంగతి. లోపలి చెవి, కళ్లు, పాదాలు ఈ మూడూ ఒకే మాట చెప్పినంతసేపూ మనం స్థిమితంగా నిలబడతాం. గోడ వాలి ఉండి నేల సమంగా ఉంటే కళ్లు ఒకటి చెబుతాయి, చెవి ఇంకొకటి చెబుతుంది, వికారం అక్కడే పుడుతుంది. కొందరు కళాకారులు, వాస్తుశిల్పులు కావాలనే ఈ తగువు పెడతారు. బెర్లిన్ యూదుల మ్యూజియంలో డానియల్ లిబెస్కిండ్ వాలు నేల మీద 49 కాంక్రీటు స్తంభాలతో ఒక తోట కట్టాడు. దేశం వదిలిపోయినవాడి కాళ్ల కింద నేల కదిలిన అనుభవం మన ఒంటికి తెలియాలని. ఫోర్ట్‌వర్త్ మ్యూజియం బయట రిచర్డ్ సెరా 'వోర్టెక్స్' ఉంది. మెలితిరిగిన ఉక్కు పలకలు సుమారు 67 అడుగుల ఎత్తున ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. లోపలికి పోతే అడుగు చప్పుడు కూడా ప్రతిధ్వనిస్తుంది, తలెత్తితే ఒక ముక్క ఆకాశం. అద్భుతమైన చోటు. కానీ వయసు మళ్లినవాళ్లు అక్కడ తల వెనక్కి వాల్చి పైకి చూడగానే ప్రపంచం గిర్రున తిరగవచ్చు. లోపలి చెవిలో సున్నపు స్ఫటికాల్లాంటి సన్నని నలుసులుంటాయి. వయసుతో అవి ఊడి అర్ధవృత్తాకార నాళంలో పడితే, తల వెనక్కి వంచినప్పుడల్లా ద్రవాన్ని కదిలించి లేని తిరుగుడును మెదడుకు చెబుతాయి. అరనిమిషం, నిమిషంలో తగ్గిపోతుంది. తలను కొన్ని దిశల్లో వరసగా తిప్పి ఆ నలుసులను వెనక్కి పంపే వైద్యం ఉంది, మందులక్కర్లేదు.

కాబట్టి "కళ్లు తిరుగుతున్నాయి" అని అమ్మ అన్నప్పుడు ఒక ప్రశ్న అడగండి. చుట్టూ ఉన్నవి తిరుగుతున్నాయా, కళ్లు మసకబారి పడిపోయేట్టుందా? మొదటిదైతే చాలావరకు చెవి, లేదా చూపు. రెండోదైతే చాలావరకు రక్తపోటు, లేదా షుగర్.

పడిపోయేట్టుంటే బెంచీ వెతుక్కుంటూ నడిపించకండి. ఉన్నచోటే కూర్చోబెట్టండి, వీలైతే పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. కాపలా ఉద్యోగి వెంటనే వస్తాడు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. నిలబడి ఉండాల్సి వస్తే కాళ్లు ఒకదానిమీదొకటి మడిచి తొడలు, పిరుదులు గట్టిగా బిగించాలి. రక్తం పైకొస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పాలి. పడమటికి పోతే ఆ రోజు పది, పన్నెండు గంటలు సాగుతుంది. మాత్ర ఎప్పుడు, ఇన్సులిన్ ఎప్పుడు అన్నది తారుమారవుతుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వేసుకుని, ఆకలి లేదని సరిగా తినకుండా మ్యూజియంలో రెండు గంటలు తిరిగితే షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు. 70 కన్నా తగ్గితే వెంటనే మూడు, నాలుగు చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ గానీ ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. ఒక చిన్న సంగతి ఎవరూ చెప్పరు. చాలా మ్యూజియాల్లో పెద్ద సంచులను ప్రవేశం దగ్గరే తీసుకుని భద్రపరుస్తారు, గదుల్లో తినడం తాగడం ఒప్పుకోరు. మాత్రలు, గ్లూకోజ్ ఆ సంచిలో ఉండిపోతే అవసరానికి అందవు. అవి కొంగుముడిలోనో, జేబులోనో ఉండాలి. షుగర్ ఉందని ముందే చెబితే అడ్డుపెట్టరు.

బొమ్మ అందానికే మనిషి స్పృహ తప్పుతాడా? 1817లో ఫ్రెంచి రచయిత స్టెందాల్ ఫ్లోరెన్స్‌లోని శాంతా క్రోచే చర్చిలో కుడ్యచిత్రాలు చూసి బయటికొస్తూ గుండె దడదడలాడి, పడిపోతానేమోనని భయపడ్డట్టు రాసుకున్నాడు. ఆ ఊరి శాంతా మరియా నువోవా ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు గ్రాజియెల్లా మఘెరీని దాదాపు పదేళ్లలో ఇలాంటి 106 మంది రోగులను చూసి, 1989లో పుస్తకం రాసింది, దానికి స్టెందాల్ పేరే పెట్టింది. వాళ్లంతా బయటి దేశాల నుంచి వచ్చిన యాత్రికులు. సగం మందికి పైగా అంతకు ముందే మానసిక వైద్యం అవసరమైన చరిత్ర ఉంది. దూరప్రయాణం, ఒంటరితనం, నిద్రలేమి కూడా కలిశాయి. కళ మనసును కదిలించదని నేననను. కదిలిస్తుంది, కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. కానీ తల తిరిగిన ప్రతివాడికీ ఆ పెద్ద పేరు తగిలిస్తే, బీపీ మాత్ర సంగతి మరుగున పడుతుంది.

మరుగున పడకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణం తర్వాత కొన్ని వారాల్లో కాలి సిరలోగానీ ఊపిరితిత్తిలోగానీ రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు 6,000 మందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం తేల్చింది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా అది జెట్‌లాగ్ కాదు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. అమెరికాలో 911, ఐరోపాలో 112. ఖర్చుకు భయపడి ఆలస్యం చేయకండి. బయల్దేరే ముందే ప్రయాణ బీమా తీసుకోవడం, అందులో పాత జబ్బులు కలుస్తాయో లేదో చదవడం పిల్లల బాధ్యత.

ఇది చదువుతున్న కొడుకులకు, కూతుళ్లకు నాదొక విన్నపం. అమ్మానాన్నలను మ్యూజియానికి తప్పకుండా తీసుకుపోండి. కాకపోతే మొదటి వారాంతం వద్దు, రెండోది పెట్టుకోండి. పొద్దున తలుపులు తీసే వేళకు, కడుపు నిండా టిఫిన్ పెట్టించి, మామూలు వేళకు మాత్రలు వేయించి, బయలుదేరండి. వాళ్లు ఇంట్లో తొడిగే చెప్పులు కాక మెత్తటి బూట్లు కొనివ్వండి. లోపల మడత కుర్చీలు, చక్రాల కుర్చీలు చాలాచోట్ల ఉచితంగానే ఇస్తారు, అడగండి. వద్దంటారు, అయినా తీసుకోండి. మ్యూజియమంతా చూపించాలని పెట్టుకోకండి. మూడు గదులు చాలు, ఒక్కో గదిలో ఒక్క బొమ్మ ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. ఏం కనిపిస్తోందో వాళ్లనే చెప్పనివ్వండి, మీరు వివరించకండి. గంటన్నరలో బయటికొచ్చేయండి, మళ్లీ పోవడానికి వాళ్లకు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి.